గాటు లేని గరిటె

చాంద్బీ గరుకు కాగితంతో గరిటె కాడను రుద్దుతూనే ఉంది. ఉదయగిరిలో ఇరవై ఎనిమిదేళ్లుగా చెక్క గరిటెలు చెక్కిన చెయ్యి అది. అయిదు నెలలుగా వేరేవాళ్లు చెక్కినవాటిని నున్నగా రుద్దడానికే సరిపోతోంది.

నెలసరి ఆగినాక ఒంట్లోంచి ఉన్నట్టుండి సెగ లేచేది. మెడ, అరచేతులు తడిసి ముద్దయ్యేవి. ఆ తడికి ఉలి జారి బొటనవేలు తెగింది. యజమాని పీర్ సాహెబ్ మర్యాదగానే ఉలి తీసేసుకున్నాడు. కూలి తగ్గించేటప్పుడు ఆ మర్యాద కనపడలేదు.

ఆత్మకూరు ఆసుపత్రిలో కొత్త మాత్ర పరీక్షిస్తున్నారంటే వెళ్లి చేరింది. హార్మోను తగ్గిపోతే, లేని వేడిని మెదడు ఉందనుకుంటుందట. ఆ పొరపాటును అణిచే మాత్ర. సెగ వచ్చినప్పుడల్లా పుస్తకంలో గీత పెట్టమంది నర్సు రెబెకమ్మ. చాంద్బీ ఏనాడూ కలం పట్టలేదు. వారానికో పగిలిన గరిటె తీసుకుని, సెగకో గాటు చొప్పున చాకుతో పెట్టి, రెబెకమ్మకు చూపించేది. మొదటి గరిటె కాడ మీద చోటే మిగల్లేదు.

మూడోది పీర్ సాహెబ్ కంటపడింది.

"ఏంది చాంద్బీ, ఈ గీతల డిజైన్ బలే ఉండాది! యాభై చెయ్."

"ఒక్కో గీతకూ ఒళ్లంతా తడిసినాది భాయ్. యాభై చేస్తే నన్ను పిండి ఆరేసుకోవాల."

సంగతి అర్థమై ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ ఆ గరిటెల జోలికి రాలేదు.

వారం వారం గాట్లు తగ్గాయి. ఇవాళ పన్నెండో వారం, పరీక్షకు ఆఖరి రోజు. బస్సు వేళకు చాంద్బీ చేతిసంచి అందుకుంది. అందులోంచి తొంగిచూస్తున్న గరిటెను పీర్ సాహెబ్ లాక్కుని వెలుతురుకు పెట్టాడు.

"ఇంత సన్న కాడ ఎవరు చెక్కినారు?"

"నేనే. నిన్న నువ్వు నమాజుకు పోయినప్పుడు."

ఆయన వేలితో కాడంతా తడిమాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. గరిటె తిరిగి ఇచ్చి, ఉలి తెచ్చి ఆమె పీట మీద పెట్టాడు.

"రేపు పొద్దున్నే రా."

ఆత్మకూరులో రెబెకమ్మ ఆ గరిటెను తిప్పి తిప్పి చూసింది.

"గాట్లేవి?"

"లేవు సిస్టరమ్మా. వారమంతా ఒక్కటీ రాలేదు. అందుకే కొత్తది చెక్కి తెచ్చినా."

"నీకిచ్చినాది అసలు మాత్రో, మందు లేని ఉత్త మాత్రో మాకూ తెలీదు. ఇవాళ్టితో ఆపేస్తా ఉండాం. సెగలు మళ్లీ రావచ్చు."

"వస్తే రానీ. చాకు నా దగ్గరే ఉండాది."

ఇద్దరూ నవ్వుకున్నారు. లేస్తుంటే ఫ్యాను గాలి తగిలింది. ఎన్నేళ్లకో చలేసి, చాంద్బీ భుజాల నిండా కొంగు కప్పుకుంది. ఉదయగిరి బస్సు వైపు నడిచింది.

రెబెకమ్మ బల్ల మీద, మిగతా ఆడవాళ్ల గీతలతో నిండిన కాగితాల దొంతరపైన, నున్నటి గరిటె ఉండిపోయింది.