పాత్ర దిగడం

ఇస్త్రీ మిషన్‌లోంచి వేడిగా వచ్చిన దుప్పటి అంచును అందుకుని ఇర్మా రెండో అంచుతో కలిపింది. అవతలి కొసను తోటి పనామె డోలరెస్ నడిచొచ్చి ఆమె చేతికిచ్చింది. ఒక మడత, దాని మీద ఇంకో మడత, అరచేత్తో ఒక్క రాపు. ఆసుపత్రి లాండ్రీలో ఇర్మా వయసంతా ఆ రాపులోనే గడిచింది. ఆవిరికి ఆమె వేళ్ళ కొసలు ఎర్రగా, నున్నగా అయిపోయాయి. ఏది చేతికొచ్చినా మూలకు మూల కలిపి సర్దేయడం అలవాటు. ఎదుటివాళ్ళు మొదలుపెట్టిన మాటను కూడా తానే ముగించేస్తుంది.

“ఏమమ్మా డాక్టరమ్మా, ఇవాళ్టితో మా పిచ్చి కుదురుస్తావా?” అంది డోలరెస్.

“ముందు నన్ను పాసవనీ. నీకైతే ఫీజు రెట్టింపు.”

మధ్యాహ్నం పని దిగి, కెనడాలోని సస్కటూన్ చలిలో రెండు బస్సులు మారి కౌన్సెలింగ్ క్లాసుకు చేరింది. ఇవాళ టీచరు ఓడెట్ ముందు రోల్‌ప్లే బాగా చేస్తే, మంచు కరిగాక నిజమైన కష్టాలతో వచ్చే మనుషుల ఎదుట కూర్చోనిస్తారు. కిందటేడు తప్పింది. “వాళ్ళు చెప్పకముందే నువ్వే చెప్పేస్తున్నావు ఇర్మా,” అంది ఓడెట్ అప్పుడు.

ఒకరు కౌన్సెలర్, ఒకరు కష్టం చెప్పుకునేవారు, ఒకరు చూసేవారు. కష్టమూ పేరూ కల్పించుకున్నవే కావాలి. అయిపోయాక పాత్ర దిగాలి. అంటే, వేరే కుర్చీలోకి మారి, సొంత పేరు చెప్పి, ఆ పాత్రకీ తనకీ పోలిక లేని సంగతులు నాలుగు చెప్పాలి. దానికి మార్కులుండవు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

కౌన్సెలర్‌గా కూర్చున్న ఇర్మాకు ఎదుటి కుర్చీలో క్లిఫర్డ్ కూర్చున్నాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. పెద్ద చేతులు, మెడదాకా పెట్టిన గుండీలు. టెస్ అనే కుర్రపిల్ల చూసేవారి కుర్చీలో సర్దుకుంది.

“నా పేరు పీటర్,” అన్నాడు అతను. “నాకో అన్న ఉండేవాడు. కిడ్నీలు పోయాయి. డయాలసిస్‌కి ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళేవాణ్ణి.”

సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు. ఎదుటి మనసులో ఉన్నదాన్ని అద్దంలా తిరిగి చూపించాలి. నేర్చుకున్న సిద్ధాంతం అదే. ఇర్మా నాలుకను అదుపులో పెట్టుకుంది.

“ఆ భారమంతా మీ ఒక్కరి మీదే పడింది.”

“భారమని కాదు... ఆ రోజు మంచు పడుతోంది. ఫోన్ చేశాడు. రేపెళ్దాంలే అన్నాను. రోడ్డుకేం, బాగానే ఉంది. నాకే లేవబుద్ధి కాలేదు. ‘సర్లేరా క్లిఫ్, పడుకో’ అన్నాడు.”

క్లిఫ్. పీటర్ కాదు.

ఓడెట్ తల వంచుకుని రాసుకుంటోంది. టెస్ గడియారం చూస్తోంది. ఆపాలి, ‘ఇది నీ సొంత కథేనా?’ అని అడగాలి. అడిగితే రోల్‌ప్లే అక్కడితో రద్దు. మళ్ళీ ఏడాది ఆగాలి.

“పడుకో అన్న ఆ మాట మీకింకా వినిపిస్తూనే ఉంది,” అంది.

మాట బాగా కుదిరిందని ఆమెకు వెంటనే తెలిసింది. క్లిఫర్డ్ మెడ దగ్గరి గుండీని తడుముకున్నాడు. ఓడెట్ కలం చకచకా కదిలింది.

టైమైపోయింది. అతను వేరే కుర్చీలోకి మారాడు. “నా పేరు క్లిఫర్డ్. నేను పీటర్ని కాదు. నాకు...”

“నీకు అన్నలెవరూ లేరు,” అంది ఇర్మా గబగబా నవ్వుతూ. “బస్సు నడిపేవాడివి. పొద్దున గుడ్డు శాండ్‌విచ్ తిన్నావు. అంతేగా?”

అతను ఆమె వంక చూశాడు. కోపంగా కాదు. ఆలస్యంగా పరిగెత్తుకొచ్చే పిల్ల కోసం తలుపు తెరిచి ఉంచిన డ్రైవరులా, ఓపిగ్గా.

“అంతే,” అన్నాడు.

“ఎక్కడ దాచావు క్లిఫ్ తాతా ఈ నటనంతా? నాకు ఏడుపొచ్చేసింది!” అంది టెస్.

“బస్సులో పిల్లల మీద ముప్పై ఏళ్ళు కోపం నటించానమ్మా. ఇదెంత!” కాఫీ తెచ్చుకుంటానని అతను బయటికి వెళ్ళాడు.

“ఇవాళ నువ్వు నిజంగా విన్నావు ఇర్మా. పాసయ్యావు,” అంది ఓడెట్.

“ఏమిటి?” అంది ఇర్మా, విననట్టు. ఓడెట్ మళ్ళీ చెప్పింది. రెండోసారి ఆ మాట చేదుగా తగిలింది. అతను కాఫీ తాగి రాగానే అడుగుదాం, ఇద్దరమే ఉన్నప్పుడైతే మేలు అనుకుంది. అది సాకని తెలుస్తూనే ఉంది.

విరామం ముగిశాక ఆఫీసులోంచి ఒకామె తొంగిచూసింది. “క్లిఫర్డ్ గారు కోర్సు మానేస్తున్నారట. అందరికీ థాంక్స్ చెప్పమన్నారు.”

“అయ్యో, ఇంత బాగా చేసి!” అంది టెస్.

ఇర్మా మెట్లన్నీ పరుగున దిగింది. తలుపు అద్దం అవతల క్లిఫర్డ్ కారు నిలిచిన మేర నేల నల్లగా కనిపిస్తోంది. దాని మీద అప్పుడే తెల్లగా మంచు కమ్ముతోంది. లోపల తిరిగే పల్చటి జోళ్ళతోనే వెళ్ళిపోయాడు మనిషి. అందరూ బూట్లు విప్పుకునే రబ్బరు పళ్ళెంలో, అతని పెద్ద మంచుబూట్లు ముక్కులు గుమ్మంవైపు తిరిగి ఉన్నాయి. వాటి చుట్టూ కరిగిన నీళ్ళు ఇంకా ఆరలేదు.