గుమ్మం దగ్గరి చెప్పులు

లాండ్రీ ఆవిడ లేవగానే చేసే మొదటి పని ప్రార్థన. రెండోది, తలుపు తీసి గుమ్మం దగ్గర చెప్పులు ఎటు తిరిగాయో చూడటం. పాలు కాచడం ఆ తర్వాతే.

ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని కాబట్టి ఆవిడకా పేరు. సొంతవాళ్ల దగ్గర ఉండే వీల్లేని పిల్లల్ని సంక్షేమ ఆఫీసు వాళ్లు తెచ్చి అప్పజెబితే, నెలలో ఏళ్లో ఇంట్లో ఉంచుకుని చూసుకునేది. పదహారేళ్లుగా అదే వరస. ఆ పిల్లలు చెప్పులు ఎలా విడిచినా, తెల్లారేసరికి అవి వాళ్ల మనసు ఎటుంటే అటు తిరిగి ఉండేవి. అమ్మ ఉండే వీధి వైపు, తమ్ముడున్న ఊరి వైపు. ఒకడివైతే ఏడాది పొడుగునా ఐస్‌క్రీం దుకాణం వైపే. పెద్దవాళ్లవి మాత్రం విడిచిన చోటే పడి ఉండేవి. అదేమంత దాచుకునే సంగతి కాదు. పాలవాడు కూడా, "ఇవాళ చిన్నోడివి బస్టాండు వైపున్నాయమ్మా, కాస్త కనిపెట్టుకో" అని చెప్పి పోయేవాడు.

మూడేళ్ల కిందట వచ్చిన అమ్మాయి ఈ సంగతి మొదటి రోజే విని, బూట్లు విప్పి సంచిలో పెట్టి, సంచి మంచం కిందికి తోసింది. అంతే. మళ్లీ ఆ బూట్లు గుమ్మం దగ్గర కనిపించలేదు, సంచీ పూర్తిగా ఖాళీ కాలేదు. చర్చిలో అందరూ సంచి పిల్ల అన్నారు. "ఉన్న మాటేగా" అందా పిల్ల.

సంఘం వాళ్లు ఆమెను ఉత్త ప్రార్థనలతో సరిపెట్టలేదు. రిటైరైన టీచరమ్మ ఆదివారం ఆరాధన అయ్యాక వెనక గదిలో లెక్కలు చెప్పింది. చర్చికి కరెంటు పనులు చేసే మనిషి శనివారాలు వెంట తిప్పుకుని వైరింగు నేర్పాడు. ఇప్పుడు చర్చిలో తిరిగే ఫ్యాన్లలో నాలుగు ఆ పిల్ల బాగు చేసినవే.

గురువారంతో ఆమెకి పద్దెనిమిది నిండుతాయి. నిండితే హాస్టలుకి వెళ్లాలి. లేదంటే, ఇద్దరికీ ఇష్టమని కాగితం మీద సంతకాలు పెడితే ఇంకో మూడేళ్లు ఉండొచ్చు. ఆ కాగితం నెల రోజులుగా ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. ఇద్దరూ రోజుకి పదిసార్లు ఆ తలుపు తీశారు. ఒక్కరూ కాగితం మాటెత్తలేదు.

లాండ్రీ ఆవిడ నోరు కుట్టేసుకోవడానికి కారణం ఉంది. ఎప్పుడో ఒక ఏడేళ్ల పాప చెప్పులు రోజూ నానమ్మ ఇంటి వైపు తిరిగేవి. ఆఫీసు వాళ్లు చూడటానికి వస్తారన్న రోజు, పాపని వదల్లేక, ఈవిడ వాటిని తన చేత్తో ఇంట్లోకి తిప్పింది. పాపని ఇంకో ఆరు నెలలు ఇక్కడే ఉంచారు. అయిదో నెల్లో నానమ్మ పోయింది. ఆ రోజు మోకాళ్ల మీద పడి, ఇక ఏ పిల్ల దారిలోనూ చెయ్యి పెట్టనని దేవుడికి మాటిచ్చింది. అప్పట్నుంచి ఎవరి విషయమైనా "నీ చిత్తం ప్రభువా" అని ఊరుకునేది.

"చిత్తం ఆయనదే తల్లీ," అన్నారు పాస్టరు గారు. "నోరు మాత్రం నీకిచ్చాడుగా."

"నా నోరు తిన్నగా ఉండదు అయ్యగారూ."

బుధవారం పొద్దున పాలవాడితో, "శుక్రవారం నుంచి అర లీటరు చాలు" అని చెప్పింది. సాయంత్రం ఉతికిన తెరలు ఇవ్వడానికి చర్చికి వెళ్తే, లోపల స్విచ్చిబోర్డు దగ్గర మాటలు వినిపించాయి.

"అడిగితే ఆవిడ సంతకం పెట్టదా ఏంటి?" అంటున్నాడు కరెంటు మనిషి.

"పెడతారు బాబాయ్. ఎవరడిగినా పెడతారు. ఆంటీ నన్ను దేవుడి కోసం పెట్టుకున్నారు. నా కోసం కాదు. ఆ టెస్టరిలా ఇవ్వు."

లాండ్రీ ఆవిడ తెరలు బెంచీ మీద పెట్టి, చప్పుడు కాకుండా వచ్చేసింది.

గురువారం పొద్దున మోకరించింది. "నీ చిత్తం" అనబోయి, మధ్యలోనే ఆపేసింది. "ఆ పిల్ల నాకు కావాలి" అంది. ప్రభువా అనడం కూడా మర్చిపోయింది.

తలుపు తీస్తే గుమ్మం దగ్గర తన చెప్పులు లేవు.

"కుక్క ఎత్తుకుపోయిందేమో" అన్నాడు పాలవాడు.

కుక్క కాదు. అరిగిపోయిన ఆ రబ్బరు చెప్పులు, గుమ్మం దాటి, వంటగది దాటి, సంచి పిల్ల గది ముందు నిలబడి ఉన్నాయి, ముందు కొసలు తలుపుకి ఆనించి.

అప్పుడే తలుపు తెరుచుకుంది. పిల్ల భుజాన సంచి ఉంది. కిందికి చూసింది.

"ఎవరివి?"

"నావే."

"పెద్దవాళ్లవి కదలవన్నారు."

"కదిలేవి కావు."

పిల్ల సంచి భుజం మార్చుకుంది. లాండ్రీ ఆవిడ ఏడేళ్ల పాప సంగతి, నానమ్మ సంగతి, నిలబడే ఉండి మొత్తం చెప్పింది. "అడిగితే మళ్లీ నా చెయ్యి పెట్టినట్టవుతుందని భయపడ్డానే. దేవుడి మీదికి తోసేశాను."

"చెప్పులు తిప్పడం వేరు, అడగడం వేరు ఆంటీ," అంది పిల్ల. "అడిగితే నేను కాదనైనా అనొచ్చు. మీరసలు అడిగితేగా!"

"ఉంటావా?"

బయట కారు హారను మోగింది. సంక్షేమ ఆఫీసరమ్మ ఫైలు చంకలో పెట్టుకుని లోపలికొచ్చి, చెప్పుల్నీ, వాటికి చెరోవైపు నిలబడ్డ ఇద్దర్నీ చూసింది. పిల్ల సంచి దించి, అడుగు నుంచి బూట్లు తీసి, గుమ్మం దగ్గర పెట్టొచ్చింది.

"అవి ఎటు తిరుగుతాయో తెల్లారేదాకా తెలీదు," అంది ఆఫీసరమ్మ. "నాకు పదింటికి ఇంకో ఇల్లుంది. నోటితో చెప్పమ్మా."

"పెన్ను ఇవ్వండి" అంది పిల్ల.

శుక్రవారం పాలవాడు అర లీటరు కొలవబోయి గుమ్మం దగ్గర ఆగాడు. లాండ్రీ ఆవిడ చెప్పులు ఎప్పట్లాగే విడిచిన చోటే పడి ఉన్నాయి. వాటి పక్కన ఒక జత బూట్లు, ఇంట్లోకి మొహం పెట్టి ఉన్నాయి. అతను ఎవర్నీ పిలవలేదు. ఇంకో అర లీటరు పోసి, గిన్నె మీద మూత పెట్టి వెళ్లిపోయాడు.