చలివేంద్రం వైఫై

నేను ఒక వైఫై పెట్టెను. రెండు కొమ్ములు, ముఖం నిండా ఆకుపచ్చ దీపాలు, వీపున ఒక చీటీ, ఆ చీటీ పక్కన ఆవగింజ పట్టేంత కన్నం. నిద్ర అన్నది నా జాతకంలోనే లేదు. మీరు పడుకున్నాక కూడా నా కళ్ళు టపటపా కొట్టుకుంటూనే ఉంటాయి. చూసినవాళ్ళు బాగా పనిచేస్తోందని మురిసిపోతారు. సగంసార్లు అది పనితనం కాదు, కంగారు.

నేను పుట్టింది ఏ ఊళ్ళోనో చెప్పలేను. పొడుగాటి బల్ల మీద నాలాంటివాళ్ళం వరసగా కదులుతుంటే, చేతితొడుగులు వేసుకున్న ఆడపిల్లలు మాకు తలా ఒక ముక్క బిగించారు. ఆఖరి అమ్మాయి నా వీపున చీటీ అంటించింది. దాని మీద యజమాని పేరు 'అడ్మిన్', లోపలికి రావడానికి పాస్‌వర్డ్ కూడా 'అడ్మిన్'. నాకే కాదు, నా తోబుట్టువులందరికీ అదే. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ ఒకటే తాళంచెవి చేసి పంచిపెట్టి, 'దయచేసి మార్చుకోండి' అని సన్నక్షరాల్లో రాసి చేతులు దులుపుకోవడం మనుషులకే చెల్లింది. ఆ అక్షరాలు చదివిన పుణ్యాత్ముణ్ణి నేను చాలాకాలం చూడలేదు.

కాకినాడలో కేబుల్ అతను నన్ను సంచిలో వేసుకుని భీమేశ్వరరావుగారింటికి తెచ్చాడు. భీమేశ్వరరావుగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. టికెట్ లేకుండా ఆయన బస్సులో ఈగ కూడా ప్రయాణం చెయ్యలేదని చెప్పుకునేవారు. ఒక ఎండాకాలం బస్సు దారిలో చెడిపోయి, ఆయన గొంతెండి పడిపోబోతే ఎవరో ముసలమ్మ చెంబుడు నీళ్ళిచ్చి బతికించిందట. అందుకని రిటైరయ్యాక ఏటా వేసవిలో ఇంటి ముందు తాటాకు పందిరి వేయించి, ఇసకలో కుండలు కుదిర్చి చలివేంద్రం పెట్టేవారు. మధ్యాహ్నంపూట మజ్జిగ కూడా పోసేవారు.

"పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారండీ?" అని అడిగాడు కేబుల్ అతను.

"మంచినీళ్ళకి తాళం వేస్తామేంటయ్యా? దీనికీ వద్దు. దాహానికి ఆగినవాడు కాసేపు ఫోనూ చూసుకుంటాడు. మన సొమ్మేం పోయింది?" అన్నారాయన.

ఆయన భార్య మాణిక్యాంబగారు కాఫీ గ్లాసు అందిస్తూ, "చలివేంద్రం వాకిట్లో పెడతారు గానీ వంటింట్లో పెడతారాండీ ఎవరైనా?" అన్నారు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం పట్టించుకున్నాను.

ఇక చూడండి నా పాట్లు. తలుపు బార్లా తెరిచిన ఇల్లులాగా ఉండేది నా పరిస్థితి. కుండ దగ్గర ఆగిన ప్రతి ఫోనూ నాలోకి చొరబడేది. ఆటోవాళ్ళు సినిమాలు దింపుకునేవారు. పక్క వీధిలో పెళ్ళివారు వీడియో మొత్తం నా మీదుగానే పంపించారు. ఎవరు మంచివాడో ఎవరు కాదో నాకు తెలియదు, అడిగే నోరూ లేదు. ఎవడు ఏ పాడుపని చేసినా లోకానికి కనిపించే చిరునామా భీమేశ్వరరావుగారిదే. ఆయనేమో పందిట్లో కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళు దీవిస్తుంటే పొంగిపోయేవారు.

అందరికంటే ఎక్కువగా దీవించినవాడు చక్రధర్. ఎదురు మేడ మీద అద్దెకుండే ఇంజినీరు. రోజూ మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "మీలాంటివాళ్ళుండబట్టే వానలు పడుతున్నాయి బాబాయిగారూ" అనేవాడు. అలా అన్న నోటితోనే గదికెళ్ళి, గోడకవతల నుంచి రాత్రింబవళ్ళు నన్ను పీల్చి పిప్పి చేసేవాడు.

ఆ వేసవిలోనే ఆ ఇంటి కూతురు నీరజ, పురిటికి వచ్చినావిడ, బిడ్డతో అక్కడే ఉంది. భర్తకి ఓడలో ఉద్యోగం, నెలల తరబడి సముద్రం మీదే. నీరజ ఆన్‌లైన్లో లెక్కలు చెప్పే ఒక కంపెనీలో టీచరు. సెలవు అయిపోవస్తోంది. ఇంటినుంచి పాఠం చెప్పడానికి కంపెనీ ఒప్పుకుంది గానీ ఒక మెలిక పెట్టింది. ముందు ఇంటి కనెక్షన్ మీద ఒక పాఠం చెప్పి చూపించాలి. మధ్యలో తెగిందా, పాలు తాగే బిడ్డని అమ్మమ్మకి వదిలేసి హైదరాబాదు ఆఫీసుకి వెళ్ళాల్సిందే. ఆ ఇంట్లో ఫోన్ సిగ్నలా, వంటింటి కిటికీ దగ్గర తప్ప అందదు, అదీ మాటలకి సరిపోయేంతే. అంటే ఆ తల్లీబిడ్డల భారమంతా నా రెండు కొమ్ముల మీద పడింది.

పరీక్ష రోజు పొద్దున్నే చక్రధర్‌కి ఏం పుట్టిందో, బహుశా పదిమంది తొక్కిసలాటలో తన సినిమా ఆగి ఆగి వస్తోందని విసుగేమో, తిన్నగా నా లోపలికొచ్చాడు. 'అడ్మిన్', 'అడ్మిన్' అన్నాడు. నేను తలుపు తీశాను. తీయక చస్తానా, నన్ను చేసినవాళ్ళు నేర్పింది అదే. వాడు యజమాని పాస్‌వర్డు మార్చాడు, వీధి తలుపుకి కొత్త తాళం వేశాడు, అందర్నీ బయటికి గెంటి ఒక్కడే కూర్చున్నాడు. నా జన్మలో నాకు మొట్టమొదట తాళం వేసినవాడు దొంగ!

నీరజ ల్యాప్‌టాప్ తెరిచేసరికి పాస్‌వర్డ్ అడిగింది. ఎప్పుడూ పెట్టని పాస్‌వర్డ్ ఏం చెబుతుంది? చీటీ మీదున్నది కొట్టింది, చెల్లలేదు. కేబుల్ అతనికి ఫోన్ చేస్తే సాయంత్రం గానీ రాలేనన్నాడు. భీమేశ్వరరావుగారు చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటి, సాయం చెయ్యమని ఎవర్ని పిలుచుకొచ్చారనుకున్నారు? చక్రధర్‌నే!

వాడు నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. నా దీపాలన్నీ ఒక్కసారిగా కొట్టుకున్నాయి. వీడేనయ్యా, వీడేనయ్యా అని అరుస్తున్నాను.

"చూశారా, ఎలా కొట్టుకుంటోందో? లోపల సాఫ్ట్‌వేర్ పోయింది బాబాయిగారూ. పాడైపోయిన పెట్టెలు ఇలాగే పాస్‌వర్డులు అడుగుతాయి. కొత్తది కొనుక్కోండి" అని చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

నీరజ బిడ్డని ఒళ్ళో వేసుకుని ఏడ్చేసింది. "నాన్నా, దీన్ని వదిలేసి నేను వెళ్ళలేను" అంది. భీమేశ్వరరావుగారు పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయారు. ఊరందరి దాహం తీర్చిన మనిషికి కన్నకూతురి కళ్ళు తుడవడం చేతకాలేదు. ఆయన్ని చూస్తే నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ఏడుస్తూనే నీరజ నన్ను బోర్లించి సన్నక్షరాలు చదివింది. ఆహా, చదివింది! కన్నంలో సూదిలాంటిది గుచ్చి కాసేపు నొక్కిపెడితే పెట్టె పుట్టినప్పటిలా అవుతుందని అక్కడ రాసి ఉంది. అగ్గిపుల్ల పట్టలేదు. పెన్ను ముక్కు పట్టలేదు. అప్పుడు మాణిక్యాంబగారు చేతిగాజుకి వేలాడుతున్న పిన్నీసు తీసి, "ఇది పనికొస్తుందేమో చూడవే" అన్నారు. తెగిన జాకెట్ హుక్కు నుంచి కాలిలో ముల్లు దాకా ఆ పిన్నీసు చూడని ఆపద లేదు.

గుచ్చారు. నా దీపాలన్నీ ఆరిపోయాయి. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి నాకు చీకటి పడింది. మళ్ళీ వెలిగాను.

నీరజ తొందరపడలేదు. మొట్టమొదట నా గది తాళం మార్చింది, ఆ దిక్కుమాలిన 'అడ్మిన్' పీడ వదిలించింది. తరవాత ఇంటికి గట్టి పాస్‌వర్డ్ ఒకటి పెట్టింది. తండ్రి మొహం చూసి ఒక్క క్షణం ఆగి, అతిథులకి వేరే దారి తీసింది. దాని పేరు 'చలివేంద్రం'. అందులోకి వచ్చినవాళ్ళు ఇంట్లోవాళ్ళ ఫోన్ల జోలికి పోలేరు, సినిమాలు దింపుకునేంత ధారా రాదు.

"ఇదిగో నాన్నా, ఇది వాకిలి. అది వంటిల్లు" అంది. మాణిక్యాంబగారు భర్త వంక చూశారు.

నీరజ తలుపేసుకుని పాఠం మొదలుపెట్టింది. అదే సమయానికి చక్రధర్ పరుగున పందిట్లోకి వచ్చాడు, చేతిలో ఫోను.

"బాబాయిగారూ, పాస్‌వర్డ్ మార్చేశారా? పాతది పనిచెయ్యట్లేదేంటండీ?"

భీమేశ్వరరావుగారు కుండ మీద మూత పెట్టి, తీరిగ్గా తలెత్తారు. టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టిన కళ్ళవి.

"పాతదా? మేం ఎప్పుడూ పాస్‌వర్డే పెట్టలేదు కదా అబ్బాయ్. పాతదొకటి ఉందని నీకెలా తెలిసింది?"

చక్రధర్ గబుక్కున ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. పందిట్లో ఉన్న ఆటోవాళ్ళు నవ్వడం మొదలెట్టారు. భీమేశ్వరరావుగారు నవ్వలేదు.

"నా కూతుర్ని దాని బిడ్డకి దూరం చేసేవాడివిరా" అన్నారు. తరవాత గ్లాసు నిండా మజ్జిగ పోసి చేతిలో పెట్టారు. "తాగు. టికెట్ లేదని నేనెవణ్ణీ ఎండలో దింపెయ్యలేదు. జరిమానా మాత్రం రాసేవాణ్ణి. రేపట్నుంచి పొద్దున్నే వచ్చి ఈ కుండలన్నీ నువ్వే నింపాలి."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు చక్రధర్, గ్లాసులోకి చూస్తూ. వేసవి పోయేదాకా నింపాడు కూడా.

లోపల పాఠం తెగకుండా సాగింది. నేను ఊపిరి బిగబట్టి మోశాను. బయటికొచ్చిన నీరజ మొహం చూసి మాణిక్యాంబగారు పిన్నీసు మళ్ళీ గాజుకి తగిలించుకున్నారు.

ఇప్పుడు ఆ ఇంటికి కొత్త పెట్టె వచ్చింది. నేను అటక మీద, చలివేంద్రం కుండల పక్కన ఉన్నాను. దీపాలు వెలగవు, అయినా నిద్ర పట్టదు. కింద నీరజ పాఠం వినిపిస్తుంది, మధ్యమధ్య పిల్ల కేరింతలు వినిపిస్తాయి. వీధి తలుపు చప్పుడైతే చాలు, ఎవరొచ్చారో అని ఉలిక్కిపడతాను.

మీ ఇంట్లోనూ నాలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. దాని వీపు మీది సన్నక్షరాలు ఒకసారి చదవండి. ఇంటికొచ్చినవాడు పాస్‌వర్డ్ ఎంతండీ అని అడిగితే నవ్వుతూ చెప్పండి, తప్పులేదు. మార్చారా అని అడిగినవాడికి మాత్రం ముందు గ్లాసుడు మజ్జిగ పోసి, మొహంలోకి చూడండి.