ఆమె పేరుతో వెళ్ళిన మాట

“పకోడీలు ఇంకో వాయి వెయ్యమ్మా సత్యవాణీ, రేపటి ఫంక్షన్ సంగతి తేలేసరికి ఇవి సరిపోయేట్టు లేవు!” అని హాల్లోంచి కేకేశారు జానకిరామ్ గారు.

ఆయన ఐర్లండ్‌లోని లెటర్‌కెన్నీ ఊళ్ళో తెలుగువాళ్ళు పెట్టుకున్న సంఘానికి ప్రెసిడెంటు. సెక్రటరీ సత్యవాణి భర్త చక్రధర్, అక్కడి ఆస్పత్రిలో డాక్టరు. కమిటీలో అందరూ మగవాళ్ళే. మీటింగులు మాత్రం ఎప్పుడూ సత్యవాణి ఇంట్లోనే, ఆమె చేతి టీతోనే.

ఉల్లిపాయ పిండి నూనెలో వేస్తూ ఆమె నవ్వుకుంది. హాల్లో వాళ్ళు పంచుకుంటున్న గ్రాంటు డబ్బు తెచ్చింది తను. వర్ణవివక్షని ఎదుర్కొనే పనులకి ఊరి కౌన్సిల్ సాయం ఇస్తోందని తెలుసుకున్నదీ, నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ దిగొచ్చి, కూతురు శ్రావ్య లెక్కలూ చక్రధర్ చొక్కాలూ అయ్యాక కూర్చుని, ఏం చేస్తామో ఎందుకు చేస్తామో రాసిందీ తనే. కాదు, తనూ ప్రెయిసూ. నైజీరియా నుంచొచ్చిన ప్రెయిస్ ఆమెతోపాటే ఆ నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళకి సేవ చేస్తుంది, ఇక్కడి ఆఫ్రికన్ ఆడవాళ్ళ బృందాన్ని నడుపుతుంది. వీధిలో దెబ్బలు తిన్నవాళ్ళకీ తిట్లు పడ్డవాళ్ళకీ తోడుగా పోలీసుల దగ్గరికి వెళ్ళడం, డాక్టరు దగ్గరికి వెళ్ళడం, ఒంటరిగా బస్సెక్కడానికి జంకేవాళ్ళతో కలిసి ఎక్కడం, ఇంతే వాళ్ళ ఆలోచన. కౌన్సిల్ వాళ్ళకి నచ్చింది కూడా అదే, రెండు సంఘాలు కలిసి చేస్తున్నాయని.

ఆ ఆలోచన ఊరికే పుట్టలేదు. కిందటేడు షాపు నుంచి నడిచి వస్తుంటే ముగ్గురు మనుషులు సత్యవాణిని గోడకి నెట్టారు. “మీ జనం వచ్చి మా ఊరు పాడుచేశారు” అంటూ ఒకడు ఆమె మొహం మీద ఉమ్మేశాడు. అవతలి పేవ్‌మెంటు మీంచి పరుగెత్తుకొచ్చి మధ్యలో నిలబడింది ప్రెయిస్. స్టేషన్‌కి తీసుకెళ్ళింది, తన స్కార్ఫ్‌తో మొహం తుడిచింది. చక్రధర్ ఇంటికొచ్చి విని ముందు అడిగిన మాట, “ఆ టైములో నువ్వెందుకు నడిచావు?” రెండో మాట, “ఎవరికీ చెప్పకు. నా కన్సల్టెంట్ ప్రమోషన్ ఇంటర్వ్యూ దగ్గర్లో ఉంది. కంప్లయింట్లు చేసే మనుషులన్న పేరు మనకొద్దు.” ఫోన్లో అత్తగారైతే, “అంత రంగున్న కుర్తా ఎందుకు వేసుకుంది?” అందట. తన ఒంటి మీద పడ్డ ఉమ్మికి తన దగ్గరే సంజాయిషీ అడిగే ఇల్లు ఇది అని ఆ రోజు అనుకుంది సత్యవాణి. అనుకుని, మళ్ళీ అన్నం వార్చింది.

పళ్ళెం పట్టుకుని హాలు గుమ్మం దాకా వచ్చేసరికి జానకిరామ్ గారి గొంతు వినిపించింది. “ఆ నల్లావిడని స్టేజీ ఎక్కిస్తే రేపట్నుంచి వాళ్ళ జనమంతా మన ప్రోగ్రాములకి వస్తారు. మన ఆడవాళ్ళు నగలు పెట్టుకుని వచ్చే చోటు.”

“ఎక్కించొద్దు,” అన్నాడు చక్రధర్. “అప్లికేషన్‌కి ఆమె పేరు కావాల్సొచ్చింది, వాడుకున్నాం. వాళ్ళొచ్చారంటే ఊరు పాడే. వాళ్ళతో కలిపి చూస్తే నష్టం మనకే.”

సత్యవాణి చేతుల్లో పళ్ళెం బరువెక్కింది. వాళ్ళొచ్చారంటే ఊరు పాడే. ఆ మాట ఆమెకి తెలుసు. ఏ గోడకి ఆనుకుని విన్నదో, ఏ వాసనతో విన్నదో తెలుసు. అప్పుడది ఇంగ్లీషులో వచ్చింది. ఇప్పుడు గోదావరి యాసలో, తన సోఫాలోంచి, పదిహేడేళ్ళుగా పక్కన పడుకుంటున్న మనిషి నోట్లోంచి వచ్చింది.

“వాణీ, రావద్దని నువ్వే ఆమెకి మెల్లగా చెప్పు. నీ ఫ్రెండే కదా,” అన్నాడు చక్రధర్ ఆమెని చూసి, పకోడీ అందుకుంటూ.

“నేను చెప్పనండీ,” అంది. గొంతు తను అనుకున్నంత గట్టిగా రాలేదు. ఆయన తలూపాడు. తలూపాడు కదా, వదిలేశాడనుకుంది.

మర్నాడు ఉదయం లైబ్రరీ మీటింగ్ రూములో ఆ గ్రాంటు పనులు మొదలెట్టే ఫంక్షన్. కౌన్సిల్ తరఫున ఊనా అనే ఆవిడ వచ్చింది. కుర్చీలన్నీ నిండాయి. సత్యవాణి తలుపు వైపే చూస్తూ నిలబడింది. ప్రెయిస్ రాలేదు. ఆమె బృందంలో ఒక్కరూ రాలేదు. బయటికెళ్ళి ఫోన్ చేసింది.

“ఎక్కడున్నావు? మొదలెట్టేస్తున్నారు!”

“వాయిదా పడిందని రాత్రి నువ్వే కదా వాణీ మెసేజ్ పెట్టావు? మావాళ్ళందరికీ చెప్పమన్నావు.”

“నేనా?”

“నీ నంబరు నుంచే వచ్చింది. ‘సారీ డియర్, పోస్ట్‌పోన్డ్’ అని.”

సత్యవాణి ఫోన్ తీసి చూసింది. ఆ మెసేజ్ అందులో లేదు, పంపి చెరిపేశారు. తను ఎవరినీ డియర్ అనదు. ఫోన్ పాస్‌వర్డు శ్రావ్య పుట్టినరోజు. తను కాక అది వాడే మనిషి చక్రధర్ ఒక్కడే. కిటికీ అద్దంలోంచి చక్రధర్ కనిపిస్తున్నాడు, జానకిరామ్ గారి భుజం మీద కండువా సర్దుతూ.

లోపలికెళ్ళి భర్త పక్కన నిలబడింది. “నా ఫోన్ తీశారా?”

“ఇక్కడ సీన్ చెయ్యకు,” అన్నాడు పెదవులు కదలకుండా, నవ్వు చెదరకుండా. “నువ్వు చెప్పలేనన్నావు, నీ తరఫున నేను చెప్పాను. నీకు ఇబ్బంది లేకుండా చేశా కదా.”

ఇబ్బంది లేకుండా! ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడని ఆయన కళ్ళు చూస్తే తెలిసింది. అదే ఆమెని నిలువునా కోసింది. తప్పు చేశానన్న జంకు ఆ మొహంలో వెతికినా లేదు. ఆమె జీతం ఏ ఖాతాలో పడాలో, ఆమె ఏ కుర్తా వేసుకోవాలో, తన మీద పడ్డ దెబ్బ ఎవరికి చెప్పుకోవాలో నిర్ణయించిన చేతికి, ఆమె పేరుతో ఒక అబద్ధం రాయడం ఏ పాటి పని?

ఊనా మైకులో ఆమె పేరు పిలిచింది. భోజనాల ఏర్పాట్ల గురించి రెండు ముక్కలు చెప్పమని ఆమెకి కేటాయించిన వంతు అది. సత్యవాణి వెళ్ళింది. మైకు అందుకుని ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది.

“కిందటేడు ఈ ఊళ్ళో నన్ను గోడకి నెట్టి ఉమ్మేశారు. నాకు అడ్డం నిలబడిన మనిషి పేరు ప్రెయిస్. ఈ కార్యక్రమం ఆమెదీ నాదీ. ఆమె ఈ పూట ఇక్కడ లేదు, వాయిదా పడిందని నా పేరుతో ఆమెకి అబద్ధం పంపారు. పంపింది ఆ వీధిలో వాళ్ళు కాదు. మా ఇంట్లోంచే వెళ్ళింది.”

జానకిరామ్ గారు లేచి, “అపార్థం, చిన్న అపార్థం” అంటూ చేతులు ఊపారు. ఊనా ఆయన్ని కూర్చోమంది. రెండు బృందాలూ సోమవారం తన ఆఫీసుకి రావాలని, అప్పటిదాకా గ్రాంటు ఆగిపోతుందని చెప్పి కాగితాలు సంచిలో పెట్టుకుంది.

కారు దగ్గర చక్రధర్ తలుపు తీసి పట్టుకున్నాడు. “ఎక్కు. మన పరువంతా తెల్లవాళ్ళ ముందు తీశావు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం.” వెనక సీట్లో శ్రావ్య, “డాడ్, డిడ్ యూ యాక్చువల్లీ సెండ్ ఇట్?” అని అడుగుతూనే ఉంది. సత్యవాణి కూతురి చెయ్యి నొక్కి, ఎక్కకుండానే ప్రెయిస్ ఇంటి వైపు నడిచింది.

ప్రెయిస్ తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. జరిగిందంతా విని గుమ్మానికి ఆనుకుంది.

“నాకు కోపం రాలేదు వాణీ. వాయిదా అని చదవగానే అర్థమైంది, మమ్మల్ని తప్పించారని. ఇలాంటివి నాకు కొత్త కాదు. నువ్వే తప్పించావని నమ్మేశాను. ఇంకొకరై ఉంటారని తట్టనే లేదు.”

నన్నలా ఎలా అనుకున్నావు అని సత్యవాణి నోటిదాకా వచ్చింది. నిన్న పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఆడదానికి ఆ మాట అడిగే హక్కు లేదనిపించింది. మింగేసింది.

“సోమవారం కౌన్సిల్ ఆఫీసుకి నేనూ వస్తాను,” అంది. “మా సంఘం తరఫున కాదు. ఆయన తరఫునా కాదు.”

“మరి ఎవరి తరఫున?”

ఈ దేశంలో ఇన్నేళ్ళలో ఆమెని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

“నా తరఫున,” అంది సత్యవాణి. ఎవరో పరాయి ఆడమనిషి తన నోటితో మాట్లాడినట్టు, తన గొంతు విని తనే ఉలిక్కిపడింది.