ఎర్ర నడికట్టు

"ఇంట్లో నీకు పనేముంది, వారం రోజులు ఆస్పత్రిలో కూర్చుని నాలుగు బొమ్మలు చూపించి రావడానికి?" అన్నాడు అమర్నాథ్. అప్పుడు నా కుడిచేయి మణికట్టు దాకా దోసెపిండిలో ఉంది. ఎడమచేత్తో పాలగిన్నె కింద మంట తగ్గిస్తున్నాను. మా హాసిని ఒక జడ వేయించుకుని, రెండో జడకు రిబ్బను పట్టుకుని నిలబడి ఉంది. కింద స్కూలు బస్సు హారన్ కొడుతోంది. ఆ మాటకు జవాబు చెప్పాలంటే ముందు చేయి కడుక్కోవాలి. చేయి కడుక్కునే లోపల ఆయన లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు. మా సంసారంలో చాలా సంగతులు ఇట్లా నా చేతులు ఖాళీ లేనప్పుడు తేలిపోయినవే.

అది రెండువేల ఆరు. సౌదీలో, రియాద్‌లోని మలాజ్ అనే పేటలో ఉండేవాళ్ళం. అమర్ పనిచేసే కంపెనీ భవనాలకు గుర్తుల బోర్డులు తయారుచేస్తుంది. ఒక పెద్ద ఆస్పత్రికి పదహారు బొమ్మలు గీసే పని ఆయనకు వచ్చింది. అరబ్బీ రాని పనివాళ్ళూ, ఏ భాషా చదవలేని ముసలివాళ్ళూ చూడగానే అర్థం చేసుకోవాలి. "బొమ్మకు భాషతో పనిలేదు" అనేది ఆయనకు ఇష్టమైన మాట. అయితే బోర్డు బిగించే ముందు పరీక్ష పెట్టాలి. కార్డు చూపించి "ఇదేమిటి?" అని మాత్రమే అడగాలి. వాళ్ళు ఏమంటే అది వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి. పక్కన టిక్కో ఇంటూనో పెట్టాలి. నూటికి అరవై ఏడు మంది సరిగ్గా చెబితేనే ఆ బొమ్మ పాసైనట్టు. మగవాళ్ళ వైపు అమర్ అడిగొచ్చాడు. ఆడవాళ్ళు కూర్చునే హాల్లోకి మగపురుగు పోకూడదు. కంపెనీలో ఆడమనిషి లేదు. అందుకని నేను.

తిరుపతిలో ఎమ్మే సోషియాలజీ చదివేటప్పుడు ఊరూరా తిరిగి సర్వేలు చేసినదాన్ని. ఎవరిని ఎట్లా అడగాలో, మాట ఎక్కడ అందించకూడదో నాకు తెలుసు. ఆ సంగతి అమర్‌కూ తెలుసు. అయినా ఆయన నోట అది "నాలుగు బొమ్మలు చూపించి రావడం" అయింది. జీతం మాట ఎవరూ ఎత్తలేదు. సిగ్గుపడి నేనూ ఎత్తలేదు.

నిజం చెప్పాలంటే ఆ వారం నాకు పండగ. పొద్దున్నే వంట ముగించి, అబాయా తగిలించుకుని, అమర్ కారు దిగి ఆ హాల్లో అడుగు పెడితే మళ్ళీ పాతికేళ్ళదాన్నైపోయేదాన్ని. అమర్ స్నేహితుల ముందు నేను ఉమను. ఓబులమ్మ అనే పేరు పెళ్ళైన నెలకే ఆయనకు మొరటనిపించింది. ఆ హాల్లో మాత్రం పేరడిగిన ప్రతివాళ్ళకూ ఓబులమ్మ అనే చెప్పాను.

హాయిల్ అనే దూరపు ఊరి నుంచి మనవరాలి వైద్యానికి వచ్చిన ఒక ముసలామె, క్యాంటీన్ కోసం గీసిన కత్తీ ఫోర్కూ బొమ్మ చూసి గుండె మీద చేయి పెట్టుకుంది. పొట్ట కోసే గది ఇదేనా అని మనవరాలి చేత, ఆ పిల్లకు సినిమాలు చూసి వచ్చిన హిందీలో, అడిగించింది. హాలంతా ఒకటే నవ్వులు. నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. అమ్మకు అక్షరం రాదు. ఉలవల కుండకు సున్నపు చుక్కలు, కొర్రల కుండకు అడ్డగీతలు, తనకు తోచిన గుర్తులు తను పెట్టుకునేది. మా మేనత్త వచ్చిన రోజు కొర్రలు తెమ్మంటే ఉలవలు తెచ్చింది. గుర్తు తెలిసేది దాంతో బతికినవాళ్ళకే. ఈ మాట అమర్‌తో అంటే, "కుండలకూ కమ్యూనికేషన్‌కూ ముడిపెట్టకు" అన్నాడు.

మూడోరోజు ఖాజాబీ కనిపించింది. రాయచోటి దగ్గర పల్లె. మొగుడు ఖాజావలి ఒక సౌదీ ఇంట్లో డ్రైవరు, ఈమె అదే ఇంట్లో పనిమనిషి. ఇంటావిడను అందరిలాగే ఈమె కూడా మామా అనేది. ఆరోజు మామాను డాక్టరుకు చూపించడానికి తోడు వచ్చింది.

"పేరేందక్కా?"

"ఓబులమ్మ."

"యా అల్లా! మా ఊర్లో గూడా ముగ్గురుండారు ఓబులమ్మలు. ఈ నల్ల గౌను కింద నువ్వు మనామెవేనా అయితే!"

పద్నాలుగు కార్డులకు గబగబా చెప్పింది. పదిహేనోది ఎక్స్‌రే గది తలుపు మీద పెట్టాల్సిన బొమ్మ. పొట్ట ఎత్తుగా ఉన్న ఆడమనిషి, ఆ పొట్ట మీదుగా ఏటవాలుగా ఒక ఎర్ర పట్టె. గర్భిణులు లోపలికి రాకూడదని దాని అర్థం. ఖాజాబీ కార్డును దగ్గరికి తీసుకుని చూసి, మెత్తగా నవ్వింది.

"బాలింతక్కా. నడికట్టు కట్టినారు సూడు. మా పిల్లోడు పుట్టినప్పుడు మా యమ్మ మూన్నెల్లు ఇడ్సకుండా కట్ట్య నాకు, ఇట్లనే ఎర్ర చీర సించి. పొట్ట జారకుండా. కనేసినాంక కూచ్చోబెట్టే రూము గదా ఇది?"

నా చేతిలో పెన్ను ఆగింది. హాసిని పుట్టినప్పుడు మా అమ్మ నాకూ కట్టింది. పాతచీర పట్టెను బిగించి లాగి, మోకాలితో నా నడుమును అదిమి పెట్టి ముడేసేది. మళ్ళీ బొమ్మ చూస్తే నాకూ అదే కనబడింది. ఖాజాబీ అన్నది అన్నట్టే రాసుకున్నాను, తెలుగులో, హాసిని పాత నోటుపుస్తకంలో. పక్కన ఇంటూ పెట్టాను. ఆమె నా భుజం మీదుగా వంగి, తనకు రాని ఆ అక్షరాలను చివరిదాకా చూసింది.

శుక్రవారం పొద్దున నోటుపుస్తకంలోవన్నీ ఇంగ్లీషులో కంపెనీ ఫారాల మీదికి ఎక్కిస్తున్నాను. అమర్ పక్కన కూర్చుని లెక్క చూశాడు. పదిహేను బొమ్మలు పాసయ్యాయి. ఎక్స్‌రే బొమ్మ ఒక్కటి తప్పింది. నలభైమందిలో ఇరవైఏడు మంది చెప్పాలి, ఇరవై ఐదుగురే చెప్పారు.

"రెండంటే రెండు, ఉమా. ఈ బాలింత అన్నామె, ఈ బంగ్లాదేశ్ ముసలామె, ఇద్దరూ కడుపుకు సంబంధించిందే చెప్పారు గదా. సగం చెప్పినట్టే."

"సగం కాదు, తలకిందులుగా చెప్పారు. గీత మార్చు. లేకుంటే పక్కన ఎక్స్‌రే మిషను గీయి."

"ప్రపంచమంతా అడ్డగీత అంటే వద్దనే. మీ రాయచోటి బాలింతల కోసం ప్రపంచం మారుతుందా? రేపు సబ్మిట్ చేయకపోతే మళ్ళీ నలభైమంది, మళ్ళీ నెల. నా ప్రమోషన్ దీనిమీదుంది."

అప్పుడు నా భుజం మీద చేయి వేశాడు. "నువ్వు లేకపోతే ఈ పని అయ్యేదే కాదు" అన్నాడు.

పెళ్ళై తొమ్మిదేళ్ళు. ఆ మాట మొదటిసారి విన్నాను. అత్తకు ఆపరేషనైతే రెండు నెలలు మంచం పక్కన ఉన్నప్పుడు అనలేదు. చిత్తూరులో వచ్చిన లెక్చరర్ ఉద్యోగం వదిలి ఆయన వెంట విమానమెక్కినప్పుడు అనలేదు. నన్నెవరూ బెదిరించలేదు, కొట్టలేదు. ఆకలితో ఉన్నదాని ముందు ఒక్క మెతుకు పడింది, అంతే. రెండు కొత్త ఫారాలు తీసుకుని, ఖాజాబీ పేరుకెదురుగానూ, ఆ ముసలామె పేరుకెదురుగానూ "గర్భిణి, లోపలికి రాకూడదు" అని ఇంగ్లీషులో నా చేత్తో రాసి, టిక్కు పెట్టాను. తర్వాత లేచి ఆయనకు టీ పెట్టాను.

బోర్డులు వచ్చాయి. అమర్ పెద్ద కుర్చీ ఎక్కాడు. కంపెనీ విందులో మైకు పట్టుకుని టీమంతా కష్టపడ్డారని పేరుపేరునా చెప్పాడు. ఆ పేర్లలో ఉమ లేదు, ఓబులమ్మ ఎట్లాగూ లేదు. ఆడవాళ్ళ గదిలో స్పీకరులో విన్నాను. పక్కనున్న చరిత, ఆయన కింద పనిచేసే ఇంజనీరు భార్య, "మీకు గర్వంగా ఉండాలి వదినా" అంది. ఉందనే చెప్పాను.

ఎనిమిది నెలల తర్వాత ఒక శుక్రవారం మధ్యాహ్నం తలుపు తట్టారు. ఖాజాబీ. నా నంబరు ఆరోజు ఆస్పత్రిలోనే తీసుకుంది. అప్పుడప్పుడూ ఫోను చేసి రాయచోటి ముచ్చట్లు చెప్పేది. కింద కారులో ఖాజావలి ఉన్నాడట, పైకి రాడట. మనిషి సగమైంది.

"పోతాండానక్కా, ఇండియాకు. పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టినారు, ఇంగ తిరిగొచ్చేది ల్యా. సెప్పి పోదామని వచ్చినా."

కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. గ్లాసు పట్టుకుని తాగకుండా చెప్పింది. నాలుగో నెలట. దగ్గు తగ్గకపోతే మామా ఎక్స్‌రేకు పంపింది. తలుపు మీద నేను చూపించిన బొమ్మే ఉంది. ఫోటో తీసే అమ్మాయి ఫిలిప్పీనో. ఆమె మాట ఈమెకు రాదు, ఈమె మాట ఆమెకు రాదు. ఆ అమ్మాయి బొమ్మను వేలితో చూపించి, ఈమె పొట్ట చూపించి, నువ్వు ఇదేనా అన్నట్టు సైగ చేసింది.

"నేనింగా కన్లేదు గదక్కా. బాలింతను కాదు గదా. కాదు కాదని తల ఊపితి. లోపల నిలబెట్టి తీసిరి. అది ఎత్తుకోని పైకి పోతే, హిందీ వచ్చిన డాక్టరమ్మ పొట్ట సూసి ఒకటే అరుపులు. బొమ్మ సూపిచ్చినా అబద్ధం సెప్పినావంట గదా అని. బిడ్డకు ఏం గాదులే, ఎదకు తీసింది ఒక్కటే గదా అని తర్వాత ఆమే అన్య. అయినా కనేదాకా నాకు నిద్ర పడ్తాదా? మామా ఏమో ఈ కడుపూ, ఈ తలనొప్పీ నాకొద్దు, ఇంటికి పో అన్య. ఖాజావలి మూడ్నాళ్ళుగా మాట్లాడల్యా. కండ్లు మూసుకోని పోయినావా అంటాడు." బుర్ఖా అంచుతో ముక్కు తుడుచుకుంది. "నాదే తప్పులేక్కా. అంతమంది సదవలేనోళ్ళకు అర్థమయ్యే బొమ్మ, నా మొద్దుబుర్రకు ఎక్కల్యా."

ఏడ్చినా బాగుండు. తప్పును చెంగుకు ముడేసుకుని ఊరికి మోసుకుపోవడానికి సిద్ధమై కూర్చుంది. నేను నోరు మూసుకుంటే సరిపోతుంది. రెండు మంచి మాటలు చెప్పి, పిల్లవాడికి ఒక చాక్లెట్ డబ్బా ఇచ్చి పంపితే, ఈమె నన్ను తలుచుకున్నన్నాళ్ళూ మంచిగానే తలుచుకుంటుంది. ఆ మంచితనం కావాలనే అనిపించింది, దాచడమెందుకు. బెడ్‌రూములో అమర్ టీవీ చూస్తున్నాడు.

లేచి బీరువాలో చీరల కిందున్న నోటుపుస్తకం తెచ్చాను. ఆమె ముందు కింద కూర్చుని చదివాను. "బాలింతక్కా. నడికట్టు కట్టినారు సూడు. మా పిల్లోడు పుట్టినప్పుడు మా యమ్మ..."

ఖాజాబీ ముఖం వెలిగింది. "అవ్! నేను జెప్పిందే! ఎర్ర చీర గూడా ఉందే! ఇన్నాళ్ళు దాపెట్టుకున్యావా?"

"దీన్ని కంపెనీకి ఇచ్చినప్పుడు మార్చినా ఖాజాబీ. బొమ్మ నీకు సరిగ్గా అర్థమైందని రాసినా. నేనే రాసినా, ఈ చేత్తో. నీ తప్పు కాదు. నీకు అర్థం కాలేదని రాసుంటే ఆ బొమ్మ తలుపు మీదికి ఎక్కేదే కాదు."

తిడుతుందనుకున్నాను. తిడితే నా పాపం ఎంతోకొంత తీరేది. పుస్తకం మీద అక్షరాలను వేలితో ఒకసారి తడిమి, మెల్లగా అంది.

"నువ్వు రాసుకుంటాంటే, నా మాట ఏడికో పోతాందనుకుంటినక్కా."

అంతే. మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. కింద కారు హారన్ మోగింది. లేచి, బుర్ఖా సర్దుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. పోయేటప్పుడు అక్కా అనలేదు.

గ్లాసు కడగలేదు. అట్లాగే కూర్చున్నాను. ఎవరి మాటలు పోవాల్సిన చోటికి పోకుండా ఆగిపోయాయో లెక్కపెట్టుకుంటే అందులో నావీ చాలా ఉన్నాయి. నావి ఎవరు ఆపారో వేలెత్తి చూపించగలను. ఖాజాబీది ఆపింది మాత్రం నేను. ఇన్నేళ్ళూ నేను బరువు మోసినదాన్నే అనుకున్నాను. నా కాలి కింద ఇంకొక మనిషి ఉందని చూసుకోలేదు.

అమర్ బయటికొచ్చాడు. "వెళ్ళిందా? అన్నట్టు, మదీనా హోటళ్ళ కాంట్రాక్ట్ మనకే వచ్చింది. యాత్రకొచ్చే ఆడవాళ్ళను ఎయిర్‌పోర్టులోనే అడగాలి, మనల్ని ఊళ్ళోకి రానివ్వరు. వచ్చే వారం పోదాం. నీకు అలవాటైన పనే గదా."

"ఖాజాబీకి ఎక్స్‌రే తీశారు. నాలుగో నెల. నీ బొమ్మను బాలింత అనుకుని కాదని తల ఊపింది."

ఆయన ముఖం పాలిపోయింది. ఒక్క క్షణమే. "ఫారంలో టిక్కుంది. మన మీదికి రాదు" అన్నాడు.

మనం అనే మాట ఆయన నోట ఎన్నడూ అంత గట్టిగా వినలేదు. నేను లేచి ఆ నోటుపుస్తకాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టాను.

"రేపు పొద్దున నన్ను ఆస్పత్రి దగ్గర దింపు."

"ఆస్పత్రికా? ఎందుకు?"

"ఖాజాబీ మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఆ డాక్టరమ్మకు ఇచ్చేసి వస్తా."

"పిచ్చా నీకు? నా ఉద్యోగం ఏమవుతుందో తెలుసా? రేపు నాకు మీటింగుంది, దింపను."

ఈసారి నా చేతులు ఖాళీగానే ఉన్నాయి. "అయితే టాక్సీలో పోతాను" అన్నాను.