తొక్క తీశావా?

పొర అంటే ఉల్లిపొర అనుకునేరు! ఇది బ్యాటరీలో పొర. రెండు ట్యాంకుల్లో రెండు రంగునీళ్ళు, మధ్యలో ఈ పొర. కరెంటుకి దారివ్వాలి, రంగుల్ని మాత్రం కలవనివ్వకూడదు. ఒకటి కుదిరితే రెండోది కుదిరి చావదు. ఆ మాయదారి పొర కోసం ల్యాబులో పెద్దాయనా, ఆయన కింద పనిచేసే ఆవిడా ఏళ్ళ తరబడి అరిగిపోయారు. నలభై దాటినా ఆయనకి ఆవిడ ఇంకా పిల్లే.

పొరని ప్లాస్టిక్ షీటు మీద పల్చగా పోసి ఆరబెడతారు. వాడే ముందు ఆ షీటు ఒలిచేయాలి. దాన్ని వాళ్ళు తొక్క అంటారు. కొత్తగా ఎవరు చేరినా "తొక్క తీశావా?" అంటూ పెద్దాయన ప్రాణం తోడేసేవాడు. ఆవిడకి కల్లో కూడా అదే గోల.

మొత్తానికి ఈసారి పొర నిలబడింది. ఒకపక్క నీలం నీళ్ళు, రెండోపక్క తేటనీళ్ళు పోసి పెడితే, వారం గడిచినా తేటనీళ్ళలో చుక్క రంగు దిగలేదు. ల్యాబు మూసేద్దామని కాచుక్కూర్చున్న పైవాళ్ళకి పెద్దాయన అప్పటికప్పుడు ఫోన్ కొట్టాడు. "రేపొచ్చి మీ కళ్ళతో చూడండి. తాళం సంగతి తర్వాత మాట్లాడుకుందాం!" ఆ గొంతులో అంత ఊపు విని ఎన్నాళ్ళయిందో! ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు పొద్దున్నే అదే పొరని కరెంటు పరీక్షకి పెట్టింది. కరెంటు బొత్తిగా లేదు. వైర్లు మార్చింది. మీటర్ని నానా తిట్లూ తిట్టింది. చివరికి విసుగొచ్చి పొరని బయటికి తీసి, మూలన గోటితో గీకింది.

తొక్క లేచింది.

ఇన్నాళ్ళూ రంగుని ఆపింది పొర కాదు, ప్లాస్టిక్కు! బిగించిందేమో సాక్షాత్తూ పెద్దాయన. అయినా ఆశ చావక, తొక్క ఒలిచేసి మళ్ళీ రంగునీళ్ళ మధ్య బిగించింది. మధ్యాహ్నానికల్లా అవతలపక్క నీలం దిగిపోయింది.

అప్పుడే పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "ఇదేంటి పిల్లా, ఈ రంగేంటి?"

"తొక్క తీయలేదు సార్. నేనే... మర్చిపోయాను."

ఆయన బల్లమీది తొక్కని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకున్నాడు. బిగించినవాళ్ళు మూలన పెన్నుతో గుర్తు పెట్టడం అక్కడ అలవాటు. దానిమీద ఉన్నది ఆయన గుర్తే. ఫోన్ తీశాడు.

"వచ్చేటప్పుడు తాళం తెచ్చుకోండి. పొర నిలబడలేదు. తప్పు నాదే."

ఫోన్ పెట్టేసి స్టూలు మీద కూలబడ్డాడు. "నీకు అబద్ధమాడటం చేతకాదు పిల్లా," అన్నాడు. "అందర్నీ నేను అడుగుతూనే ఉన్నాను. నన్నడిగేవాళ్ళే లేకపోయారు."

పొర బిగించిన రోజు ఆయన పక్కన నిలబడి స్పానర్ అందించింది ఆవిడే. అడుగుదామని నోటిదాకా వచ్చింది కూడా. పెద్దాయన్ని ఏం అడుగుతాంలే అని ఊరుకుంది.