ఏడు దింపుళ్ళ దారి

పొయ్యిలోకి ఎండు పిడకలు వేస్తున్న యాంగ్జీ చెయ్యి ఆ మాట దగ్గర ఆగిపోయింది. అవతల ఆమె మొగుడు ఉర్గెన్ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, తను రాసింది తనే మురిసిపోతూ చదువుతున్నాడు: "ఛోర్దుక్ ఊరి నుంచి పై మేతబీడుకి మూడు గంటల సులభమైన నడక."

సులభమైన నడకట! ఆమెకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. ఖాట్మండులోని ట్రెక్కింగ్ ఆఫీసువాళ్ళు ఈ లోయ గురించి పరిచయం రాసి పంపమన్నారు. అది అచ్చయితే పైనెలలో మొదటి గుంపు వస్తుంది. శిఖరాలెక్కిన మనిషని ఆ పని ఉర్గెన్‌కి అప్పగించారు. ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఏ మలుపులో రాళ్ళు జారతాయి, ఏ బండ చాటున గాలి తగలదు అని నాలుగు రోజులుగా ఆమె ప్రాణం తోడేస్తున్నాడు. ఆమె పిండి కలుపుతూ చెప్పింది, గిన్నెలు తోముతూ చెప్పింది. కాగితం మీద మాత్రం అదంతా 'స్థానికులు చెప్పేదాన్ని బట్టి' అయి కూర్చుంది. ఇరవై రెండేళ్ళ కాపురం చేశాక మొగుడి రాతలో తనకు దక్కిన పేరు అదీ!

"మూడు గంటలు ఎవరికి?" అంది.

"నడిచేవాళ్ళకి."

"అది ఏడు దింపుళ్ళ దారి."

ఛోర్దుక్ ఆడవాళ్ళకి దూరమంటే గంటలు కాదు. వీపు మీది బుట్టని ఎన్నిసార్లు చేతికర్ర మీదికి దింపి ఊపిరి తీసుకోవాలో అదే లెక్క. ఉర్గెన్ కూడా ఒకప్పుడు మోసినవాడే. గైడయ్యాక బరువులు జడల బర్రెలకెక్కాయి, అతని వీపు ఆ సంగతి మర్చిపోయింది. మంచి మనిషే, ఆ మరుపే అతని జబ్బు. ఏడో నెల కడుపుతో ఆమె బంగాళాదుంపల బుట్ట మోస్తూ అదే దారిలో కూలబడిన రోజున, వేడి వెన్న టీ పట్టుకుని పరుగున ఎదురొచ్చింది అతనే. ఇంటికి రాగానే "ఊళ్ళో ఎవరూ కనలేదా? దారి మధ్యలో కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నది అత్త. అతను తల దించుకుని బూట్లు విప్పుకున్నాడు. టీ గుర్తుంది, ఆ బూట్లూ గుర్తున్నాయి.

"మూడు గంటలని నమ్మి వాళ్ళు తీరిగ్గా బయల్దేరితే, మధ్యాహ్నం గాలికి కనుమ మీద దొరికిపోతారు. పడిపోతారయ్యా మనుషులు!"

"దింపుళ్ళని రాస్తే పట్నంవాళ్ళు నవ్వుతారే."

మూల కూర్చున్న అత్త ప్రార్థన చక్రం తిప్పడం ఆపింది. "నాకు తొమ్మిది దింపుళ్ళురా. నువ్వు కడుపులో ఉన్నప్పుడు పదమూడు. మా అత్తకి భయపడి నోరు మూసుకున్నా. ఆ కోపం దీని మీద తీర్చుకున్నా," అంది కోడలి వైపు చూడకుండా. యాంగ్జీ ముసలామె గిన్నెలో టీ నింపింది.

ఉర్గెన్ కాగితం మీద 'మూడు గంటల' మాట కొట్టేశాడు. కలం పట్టుకుని భార్య మొహంలోకి చూశాడు. "ఎన్నని రాయమంటావు?"

"పొద్దు పొడవక ముందే బయల్దేరాలని రాయి. కింద, దారి చూపేది యాంగ్జీ అని రాయి. ఆ గుంపుని నేనే తీసుకెళ్తా."

అతను నవ్వబోయి ఆమె మొహం చూసి మానుకున్నాడు. ఒక్కో అక్షరం దిద్దినట్టు ఆ పేరు రాశాడు. రాశాక అసలు కష్టం గుర్తొచ్చింది కాబోలు, "మరి ఇక్కడ వంట?" అన్నాడు దిగులుగా.

"పైనెల దాకా టైముంది, నేర్చుకుందువుగాని," అంది యాంగ్జీ, పొయ్యి ముందు నుంచి లేచి అతనికి చోటిస్తూ.